పాత థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్ కొని పనిలో పెట్టుకోవడం ఎలా?

డబ్బులు చేతిలో పెట్టకముందే ఒక పని చేయండి. ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేసి, తెర మీద కంపెనీ పేరు కనపడుతుండగానే ఎఫ్1 నొక్కండి. సెట్టింగుల పేజీ నేరుగా తెరుచుకుంటే బేరం ముందుకు పోనివ్వండి. పాస్‌వర్డ్ అడిగిందా, మూత మూసేసి పక్క దుకాణానికి నడవండి. అమ్మేవాడు ఊరుకోడు. "అది పెద్ద ముచ్చట కాదన్నా, లోపల సెల్లు పీకి పెడితే పోతది" అంటాడు. పోదు.

నేను మొదటి థింక్‌ప్యాడ్ కొన్నది అట్లా అన్నవాడి దగ్గరే. నల్లగొండ గడియారం సెంటర్‌కు దగ్గర్లో నాకో చిన్న డీటీపీ, జిరాక్స్ దుకాణం ఉంది. ఇంటికి తెచ్చి, రాత్రంతా ఆ బొత్తాం సెల్లు బయట పెట్టి పడుకున్నాను. పొద్దున లేచి పెట్టి చూస్తే తాళం తాళం లాగే ఉంది. ఎఫ్1 దగ్గర అడిగే ఆ తాళాన్ని సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అంటారు, అది ఆ సెల్లు మీద ఆధారపడదు. బోర్డు మీద వేరే చిప్‌లో ఉంటుంది, కరెంటు లేకపోయినా చెరిగిపోదు. అది మరిచిపోతే బోర్డే మార్చాలని కంపెనీ సర్వీస్ మాన్యువల్ చెప్తుంది. దొంగ ఎత్తుకుపోయినా వాడుకోలేకుండా ఆఫీసుల కోసం పెట్టిన ఏర్పాటు అది. దాని పని అది చక్కగానే చేసింది, నా మీద. పాత యజమాని పెన్‌డ్రైవ్ నుంచి మొదలు (బూట్) కానివ్వకుండా ఆపేసి ఉంచడంతో కొత్తగా ఏదీ ఎక్కించలేకపోయాను. చివరికి దాన్ని తెరకూ కీబోర్డుకూ స్పేర్‌గా వాడుకున్నాను.

ఆ తర్వాత దుకాణానికి మూడు, చుట్టాలకూ తెలిసినవాళ్లకూ ఓ పదిహేను దాకా కొనిపెట్టాను. ఆ అనుభవంతో రాస్తున్నాను. డిగ్రీ చదివే పిల్లలకు, ఊళ్లో నెట్ సెంటర్ పెట్టుకునేవాళ్లకు, రోజంతా టైపింగ్ చేసేవాళ్లకు పనికొస్తుంది. ఆటలు ఆడాలి, వీడియో ఎడిటింగ్ చేయాలి అనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

ఏ మోడల్ అడగాలి

థింక్‌ప్యాడ్ అన్న పేరు మీద లెక్కలేనన్ని మోడళ్లు ఉన్నాయి. మొదట్లో ఇది అమెరికా కంప్యూటర్ కంపెనీ ఐబీఎం వాళ్ల సరుకు. ఆ కంపెనీలో ఉద్యోగులకు "థింక్" అని అచ్చొత్తిన చిన్న జేబు పుస్తకాలు ఇచ్చేవారు, పేరు అక్కడినుంచి వచ్చింది. 1992లో 700సీ అనే మోడల్ 10.4 అంగుళాల కలర్ తెరతో వచ్చింది. దానికి రూపం ఇచ్చినాయన రిచర్డ్ సాపర్ అనే జర్మన్ డిజైనర్. జపాన్‌వాళ్లు అన్నం, కూరలు విడివిడిగా సర్దుకునే నల్ల డబ్బాను చూసి ఆ రూపం అనుకున్నాడట. మూసి ఉంటే నున్నటి నల్ల పెట్టె, పైన ఏ హంగూ లేదు. తెరిస్తే లోపల ఎక్కడిదక్కడ. మన సద్దిగిన్నె కూడా అంతే కదా. 2005లో ఆ వ్యాపారం చైనా కంపెనీ లెనోవో చేతికి పోయింది, అయినా పెట్టె రూపం మాత్రం చాలా ఏళ్లు పెద్దగా మారలేదు.

మీరు అడగాల్సినవి 2011లో వచ్చిన రెండు: ఎక్స్220, టీ420. మొదటిది 12.5 అంగుళాల తెర, సంచిలో వేసుకుని దేవరకొండ బస్సెక్కినా భుజం నొప్పి పుట్టని బరువు, డీవీడీ ఉండదు. రెండోది 14 అంగుళాలు, రెండు కిలోలు దాటుతుంది, పక్కన డీవీడీ పెట్టే అర ఉంటుంది. ఇప్పటికీ పాత డీవీడీల్లో పెళ్లి ఫొటోలు తెచ్చేవాళ్లు మా దుకాణానికి వస్తుంటారు కాబట్టి నాకు టీ420 ఇష్టం. కాలేజీ పిల్లలకైతే ఎక్స్220 చెప్తాను.

ఈ రెండే ఎందుకంటే కీబోర్డు కోసం. ఏడు వరసల పాత కీబోర్డుతో మామూలుగా అమ్మిన చివరి తరం ఇదే. 2012లో వచ్చిన ఎక్స్230, టీ430 నుంచి ఆరు వరసలైంది, కీలు విడివిడి బిళ్లల్లా మారాయి. కొత్త కీబోర్డు చెడ్డదని అనను. కానీ డిలీట్ కీ రెండు కీలంత పొడవుగా, హోమ్, ఎండ్, పేజ్అప్, పేజ్‌డౌన్ అన్నీ పైన ఒక మూలన గుంపుగా ఉండే పాత అమరికకు చెయ్యి అలవాటుపడ్డవాణ్ని అడిగి చూడండి. పైగా 2012 మోడళ్లు కంపెనీవి కాని బ్యాటరీలను ఛార్జ్ చేయడానికి ఒప్పుకోవు. బయటి బ్యాటరీతోనే కాలం గడపాల్సిన మనకు అది పెద్ద ఇబ్బంది.

టీ60, టీ61, ఎక్స్200 లాంటి అంతకన్నా పాతవి చూడముచ్చటగా ఉంటాయి. ఇప్పటి వెబ్ పేజీలు తెరిచేసరికి ఆయాసపడతాయి. చూసి ఆనందించండి, పని కోసం కొనకండి.

ఎక్కడ దొరుకుతాయి

మన దగ్గర తక్కువ. నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో ఎక్కువగా ఇంట్లో వాడే రకాలే కనపడతాయి. ఒకరోజు ఖర్చనుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పొండి, దాన్నే సీటీసీ అంటారు. పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి ఒకేసారి వదిలించుకున్న లాట్లు అలాంటి చోట్లకు వస్తాయి. మూత మీద ఆస్తి నంబర్ స్టిక్కర్ పీకిన జిగురు మరక ఉంటే భయపడకండి, ఆఫీసు నుంచి వచ్చిందనడానికి అదే గుర్తు. బిల్లు మాత్రం సీరియల్ నంబర్‌తో సహా రాయించుకోండి.

కొనేముందు అరగంట

ఎఫ్1 పేజీ తెరుచుకుందా? ఇప్పుడే మూయకండి. సెక్యూరిటీ అనే భాగంలోకి వెళ్లి పాస్‌వర్డ్ వరస చూడండి. సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పక్కన డిసేబుల్డ్ అని ఉండాలి. పేజీ తెరుచుకుని కూడా కొన్ని వరసలు మసకగా ఉండి మార్చనీయకపోతే లోపల తాళం ఉన్నట్టే. అక్కడే కంప్యూట్రేస్ అని ఒక వరస ఉంటుంది. అది యాక్టివేటెడ్ అని ఉంటే దూరం పెట్టండి, పాత యజమాని ఇంకా దూరం నుంచి దాని మీద కన్నేసి ఉండొచ్చు. మొదటి పేజీలో కనపడే మోడల్ నంబర్‌ను అడుగున స్టిక్కర్ మీద ఉన్నదానితో పోల్చండి. ఎక్స్220కి 4286, 4290, 4291 లాంటి అంకెలు, టీ420కి 4177, 4178, 4180, 4236 లాంటివి ముందు ఉంటాయి. రెండూ కలవకపోతే బోర్డు ఒకదానిది, పెట్టె ఇంకొకదానిది.

బండి ఆన్ అయ్యేటప్పుడు 0271 అని అంకె చూపించి తేదీ, టైమ్ సరిచేయమంటే కంగారు వద్దు. బొత్తాం సెల్లు అయిపోయింది, అంతే. ఫ్యాన్ ఎర్రర్ అని చూపించి ఆగిపోతే మాత్రం ఫ్యాన్ మార్చాలి, ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోండి.

తర్వాత మూత. రెండు చేతులతో కాకుండా ఒక మూల పట్టుకుని మెల్లగా తెరవండి. మధ్యలో వదిలితే వదిలిన చోటే నిలబడాలి. వెనక్కి పడిపోతున్నా, తెరుస్తుంటే ప్లాస్టిక్ చిటపటమన్నా తిరిగి ఇచ్చేయండి. దీని కీళ్లు లోహంవి, లోపల బోర్డు చుట్టూ మెగ్నీషియంతో చేసిన చట్రం ఉంటుంది. ఇంత గట్టి కీలు వదులైందంటే ఆ బండి ఎక్కడో గట్టిగానే కిందపడి ఉంటుంది.

తెర గురించి. ఎక్స్220లో రెండు రకాల తెరలు వచ్చాయి. కుర్చీలోంచి లేచి నిలబడి పైనుంచి చూడండి. రంగులు తిరగబడి నల్లగా, వెలిసినట్టు కనపడితే మామూలు టీఎన్ తెర. ఎటునుంచి చూసినా ఒకేలా ఉంటే ఐపీఎస్, అదృష్టం మీది. టీ420లో తెర చుక్కల లెక్క (రిజల్యూషన్) 1366×768, 1600×900 అని రెండు ఉన్నాయి. డీటీపీ చేసేవాళ్లకు రెండోదే కావాలి, పేజీ సగం సగం చూస్తూ కూర్చోలేం.

నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి కీ నొక్కండి. అమ్మేవాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. ఛార్జర్ పిన్ను గుండ్రంగా ఉండి మధ్యలో సన్నటి సూది ఉంటుంది. ఆ సూది వంగి ఉంటే ఛార్జింగ్ వస్తూ పోతూ ఉంటుంది. 20 వోల్టులది, 65 వాట్లదైనా 90 వాట్లదైనా ఫరవాలేదు. హార్డ్‌డిస్క్ మూత, దానికి అటూ ఇటూ ఉండే రబ్బరు పట్టాలు ఉన్నాయో లేదో అడగండి. ఈ రబ్బరు ముక్కలు డిస్క్‌తోపాటే మాయమవుతుంటాయి. అవి లేకపోతే డిస్క్ లోపల గిలకలా ఊగుతుంది.

బ్యాటరీని మాత్రం లెక్కలోకి తీసుకోకండి. పాతది పది నిమిషాలొస్తే మహాభాగ్యం.

విప్పడం

ఇక్కడే ఈ సిరీస్ మీద నాకు గౌరవం పుట్టింది. తిరగేసి చూడండి. కొన్ని స్క్రూల పక్కన చిన్న బొమ్మలు అచ్చేసి ఉంటాయి. కీబోర్డు బొమ్మ ఉన్నవి కీబోర్డును పట్టుకున్నవి, ర్యామ్ చిప్ బొమ్మ ఉన్నది ర్యామ్ మూతది. అంటే ఎవరో ఒకరు దీన్ని విప్పుతారు, వాళ్లకు దారి తెలియాలి అని తయారుచేసినవాళ్లే ముందే అనుకున్నారు. ఏ భాగం ఎట్లా ఊడదీయాలో బొమ్మలతో సహా చెప్పే సర్వీస్ మాన్యువల్‌ను కంపెనీయే ఉచితంగా అందరికీ ఇచ్చింది. మోడల్ పేరు, హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్ అని వెతికి, ఫోన్‌లో వేసుకుని పక్కన పెట్టుకోండి.

ఛార్జర్ తీసేయండి. బ్యాటరీ ఊడదీయండి. పవర్ బటన్ ఒక పది సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. ఒక తెల్లకాగితం మీద ల్యాప్‌టాప్ అడుగుభాగం ఆకారం గీసి, ఏ స్క్రూ ఎక్కడినుంచి తీశారో ఆ చోటనే టేపు ముక్కతో అతికించండి. బొట్టుబిళ్లల అట్టలా కనపడుతుంది, నవ్వుకున్నా ఫరవాలేదు. స్క్రూలన్నీ ఒకే గిన్నెలో వేసుకున్న రోజు ఆ గిన్నె ముందు రెండు గంటలు కూర్చున్నాను.

కీబోర్డు స్క్రూలు తీశాక తిరగేసి, కీబోర్డును రెండు చేతులతో తెర వైపు కొంచెం నెట్టండి. మీ వైపు అంచు పైకి లేస్తుంది. లేచింది కదా అని లాగేయకండి, కింద వెడల్పాటి వైరు పట్టీ ఉంది. కీబోర్డును మెల్లగా బోర్లించి, ఆ పట్టీ కనెక్టర్‌ను నిలువుగా పైకి ఎత్తితే ఊడుతుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి కీబోర్డు అడుగు చూడండి. అంచు చుట్టూ పళ్లెంలా ఉంటుంది. కీల మీద నీళ్లు పడితే ఆ పళ్లెంలోకి దిగి, పెట్టెను నిలువునా దాటి అడుగున ఉన్న రంధ్రాల్లోంచి బల్ల మీదికి కారిపోయేలా దారి చేశారు. మా అక్క కొడుకు ఒకసారి గ్లాసుడు నీళ్లు ఒలకబోశాడు. భయంతో వెంటనే తిరగేయబోతే ఆపాను. కారే దారి కిందికే ఉంది, తిరగేస్తే నీళ్లు తెరలోకి పోతాయి. అలా జరిగితే ముందు గోడ దగ్గర స్విచ్ కట్టేయండి, తర్వాత ఛార్జర్, బ్యాటరీ తీయండి, కారనివ్వండి, కీబోర్డు ఊడదీసి ఒకటి రెండు రోజులు నీడలో ఆరబెట్టండి. అది నీళ్ల సంగతి. చక్కెర వేసిన చాయ్ అయితే బోర్డు బతుకుతుందేమో గానీ కీలు బంకలా అతుక్కుంటాయి. కీబోర్డు మార్చుకోవడమే మేలు, పదిహేను నిమిషాల పని.

ఫ్యాన్ దాకా వెళ్లాలంటే మోడల్‌ను బట్టి ఇంకా విప్పాలి. ఎక్స్220లో పని ఎక్కువ, మాన్యువల్ చూసి ఓపిక ఉంటేనే దిగండి. కానీ మన ప్రాంతంలో ఈ పని తప్పదు. మిర్యాలగూడలో రైస్‌మిల్లు లెక్కలు రాసే మా మామ తన టీ420 తెచ్చి "వేడెక్కి ఊకె బందైతుందిరా" అన్నాడు. విప్పితే రాగి రేకుల మధ్య ఊకదుమ్ము, బూజు కలిసి గొంగడి ముక్కలా అడ్డం పడి ఉంది. చిమటాతో పట్టుకుని లాగితే ఒకే ముక్కగా వచ్చింది, చిటికెన వేలంత మందం. పత్తి కొనే సీజన్‌లో జిన్నింగ్ మిల్లుల నుంచి వచ్చేవాటిలో అదే చోట తెల్లటి దూది ఉంటుంది. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చినవాటిలో ఎర్రమట్టి. ఏ ఊరిదో అడగకుండానే చెప్పొచ్చు.

మెత్తటి బ్రష్షుతో తుడిచి, గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా అగ్గిపుల్ల అడ్డం పెట్టండి. ప్రాసెసర్ మీద ఎండిపోయి సున్నంలా మారిన పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది వడ్లగింజంత పెట్టండి. వడ్లగింజంతే. వెన్న రాసినట్టు రాయకండి. పైపెట్టెను తడిగుడ్డతో తుడిచేటప్పుడు బోరు నీళ్లు వాడకండి. మన నల్లగొండ నీళ్ల సంగతి తెలిసిందే, ఆరాక నల్ల మూత మీద తెల్ల మచ్చలు తేలుతాయి. ఫిల్టర్ నీళ్లు చాలు. థిన్నర్, పెట్రోల్ తగలనివ్వొద్దు.

ర్యామ్, ఎస్‌ఎస్‌డీ

ఇది సులువు. రెండు ర్యామ్ స్లాట్లు, డీడీఆర్3 1333 రకం. నాలుగు జీబీవి రెండు వేస్తే చాలు, ఎనిమిదివి రెండు వేసినా తీసుకుంటుంది. ఎక్స్220లో రెండు స్లాట్లూ అడుగు మూత కింద ఉంటాయి. టీ420లో ఒకటి అడుగున, ఒకటి కీబోర్డు కింద.

హార్డ్‌డిస్క్ తీసేసి సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టండి, అంటే తిరిగే డిస్క్ లేకుండా చిప్‌లతోనే పనిచేసేది. ఎక్స్220లో 7 మిల్లీమీటర్ల మందం ఉన్నదే పడుతుంది. కొన్ని ఎస్‌ఎస్‌డీలతోపాటు ఒక ప్లాస్టిక్ చట్రం ఇస్తారు, ఎక్స్220కి అది అతికించకండి, అతికిస్తే లోపలికి పోదు. టీ420కి ఆ చట్రం కావాలి. ఈ ఒక్క మార్పుతో బండి ప్రాణం లేచి వస్తుంది. దీనికి డబ్బులు పెట్టకపోతే మిగతా పనులన్నీ దండగ.

వైఫై కార్డు జోలికి మాత్రం ఊరికే పోకండి. కంపెనీ జాబితాలో లేని కార్డు పెడితే 1802 అని ఎర్రర్ చూపించి బండి మొండికేస్తుంది. పాత కార్డుతో సిగ్నల్ సరిగ్గా రాకపోతే ముప్పుతిప్పలు పడకుండా యూఎస్‌బీ వైఫై ముక్క కొనుక్కోండి.

ఏది ఎక్కించాలి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అడిగే ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఈ బండ్లలో లేవు. ఏదో కిటుకుతో ఎక్కించేవాళ్లు ఉన్నారు, రేపు అప్‌డేట్ వచ్చినప్పుడు టెన్షన్ మీదే.

నేను విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఎక్కిస్తాను. వేరే కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ తయారుచేసుకుని, ఇక్కడ గుచ్చి, ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కితే ఎక్కడినుంచి మొదలుకావాలో అడుగుతుంది. పెన్‌డ్రైవ్ ఎంచుకోండి. ఎక్కించకుండానే ముందు నడిపి చూసుకోవచ్చు. శబ్దం, వైఫై, వెలుతురు తగ్గించే కీలు అన్నీ పనిచేస్తున్నాయని చూసుకున్నాకే ఎక్కించండి. తెలుగు కోసం కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు లేఅవుట్ చేర్చుకుంటే చాలు, ఇన్‌స్క్రిప్ట్ అనే కీల అమరిక వచ్చినవాళ్లు వెంటనే టైప్ కొట్టుకుంటూ పోవచ్చు. దరఖాస్తులు నింపడం, భూముల రికార్డుల భూభారతి పేజీ చూడడం, ఉత్తరాలు, లెక్కల పట్టీలు ఏదీ ఆగదు.

ఒక్క మినహాయింపు. మీ జీవనం అను స్క్రిప్ట్, పేజ్‌మేకర్ లాంటి విండోస్ డీటీపీ ప్రోగ్రాముల మీద నడుస్తుంటే లినక్స్‌తో కుస్తీ పట్టకండి. శుభలేఖలు చేసే ఒక బండిలో నేను పాత విండోస్‌నే ఉంచాను. దానికి నెట్ ఇవ్వను, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోతాను. పాతకాలం పద్ధతే, వైరస్ భయం మాత్రం తగ్గింది.

ఎర్ర బొడిపె

దుకాణానికి వచ్చే ప్రతి పిల్లవాడూ అడిగేది ఇదే. "గీ ఎర్ర గుండీ ఏందన్నా, నొక్కితే ఏమైతది?" జీ, హెచ్, బీ కీల మధ్య ఉండే దాన్ని ట్రాక్‌పాయింట్ అంటారు. ఐబీఎంలో పనిచేసిన టెడ్ సెల్కర్ తయారుచేశాడు. టైప్ చేసే చెయ్యి మౌస్ దాకా పోవడానికి ముప్పావు సెకను, మళ్లీ రావడానికి ఇంకో అంత పడుతోందని ఆయన లెక్క. చెయ్యి కీల మీదినుంచి కదలకపోతే ఆ టైమంతా మిగులుతుంది. రంగు వెనుక కూడా ఒక కథ చెప్తారు. ఎరుపును అత్యవసర స్విచ్‌లకే వాడాలని కంపెనీలో నియమం ఉండేదట. డిజైన్ వాళ్లు దానికి మెజెంటా అని పేరు రాసి పంపించి, మెల్లగా ఎరుపు చేసేశారట. ప్రతి ఆఫీసులోనూ ఫైలు కదిలించే తెలివి ఒకటే.

వాడడం ఎట్లాగంటే, దాన్ని జరపకండి, అది జరగదు. చూపుడువేలి కొన ఆనించి మీకు కావలసిన వైపు కొంచెం ఒత్తండి. ఎక్కువ ఒత్తితే బాణం పరుగెత్తుతుంది. కింద ఉన్న మూడు బొత్తాల్లో మధ్యది నొక్కి పట్టుకుని బొడిపెను ఒత్తితే పేజీ పైకీ కిందికీ పోతుంది. మొదటి రెండు రోజులు చిరాకు వస్తుంది. మూడో రోజు నుంచి టచ్‌ప్యాడ్ ఆపేసుకుంటారు. ఒక్కోసారి వేలు తీసినా బాణం తనంతట తనే ఒక మూలకు నడుస్తుంటుంది, దయ్యం అనుకోకండి. నాలుగైదు సెకన్లు ముట్టుకోకుండా వదిలేస్తే తనకు తానే సరిచేసుకుంటుంది. టోపీ జిడ్డుపట్టి నున్నగా అయితే పైకి లాగండి, ఊడి వస్తుంది. కొత్తది నొక్కితే కూర్చుంటుంది. వాటిలోనూ రకాలున్నాయి. మధ్యలో గుంటలా ఉండి అంచు లేచి ఉన్నది నాకు వేలికి కుదిరింది.

కరెంటు, ఎండ, బ్యాటరీ

రాత్రి కరెంటు పోయినప్పుడు ఎఫ్ఎన్, పేజ్అప్ రెండూ కలిపి నొక్కండి. తెర పై అంచులో ఉన్న ఆవగింజంత దీపం వెలిగి కీల మీద వెలుతురు పడుతుంది. కీల కింద లైట్లు వచ్చాక ఈ దీపాన్ని తీసేశారు. బల్ల మీది కాగితం చూసి టైప్ చేసేవాడికి ఇదే మేలు, కాగితం కూడా కొంచెం కనపడుతుంది.

చవక డూప్లికేట్ బ్యాటరీలు ఎండాకాలం చూడవు. మే నెలలో రేకుల షెడ్డు కింద పెట్టుకుంటే ఉబ్బొచ్చు. ఉబ్బిందని అనుమానం వస్తే, అంటే అడుగు సమంగా ఆనకపోయినా, బ్యాటరీ ఇరుక్కుని రాకపోయినా ఛార్జింగ్ ఆపేయండి, పొడవకండి, వంచకండి. మంచి బ్యాటరీ కొన్నాక దాన్ని కాపాడుకునే ఏర్పాటు కూడా ఈ బండ్లలో ఉంది. 40 శాతానికి పడితేనే ఛార్జింగ్ మొదలై, 80కి చేరగానే ఆగేలా పెట్టుకోవచ్చు. విండోస్‌లో కంపెనీ పవర్ మేనేజర్, లినక్స్‌లో టీఎల్‌పీ అనే ప్రోగ్రామ్ ఆ పని చేస్తాయి. రోజంతా ఛార్జర్‌కు తగిలించి ఉంచే దుకాణాలవాళ్లు ఇది తప్పకుండా చేసుకోవాలి. వోల్టేజీ ఎక్కువతక్కువలు ఉన్న ఊళ్లలో ఛార్జర్‌ను స్టెబిలైజర్‌కో యూపీఎస్‌కో తగిలించండి. మంచం మీద, పరుపు మీద పెట్టి పనిచేయకండి, గాలి లోపలికి పోయేది అడుగునుంచే.

అన్నీ బిగించాక

టేపు కాగితం చూస్తూ, చివర తీసింది ముందు పెడుతూ వెనక్కి వరసగా బిగించండి. పొట్టి స్క్రూ రంధ్రంలో పొడుగుది బిగించొద్దు, అది పైకి పొడుచుకొచ్చి కీబోర్డు కింద బోర్డుకు తగలొచ్చు. స్క్రూ ఎక్కడైనా పూర్తిగా దిగకముందే బిగుసుకుంటే బలవంతం చేయకుండా వెనక్కి తిప్పి పొడవు చూడండి.

ఒక స్క్రూ మిగిలిపోతుంది. మొదటిసారి ప్రతివాడికీ మిగులుతుంది. కాగితం మీద అది ఏ టేపు ముక్క కిందిదో చూడండి, దొరకకపోతే ర్యామ్ మూత దగ్గర ఒకసారి వెతకండి. మా మామ టీ420లో మిగిలింది మాత్రం ఎక్కడిదో ఇప్పటికీ తెలియలేదు. "లెక్క తేలలేదా?" అని మిల్లు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతాడు. బండి నడుస్తోంది. స్క్రూ నా బల్ల సొరుగులో ఉంది.